హోసూరు చుట్టూ మన బడులు

బెంగళూరు నుంచి సేలం వైపు పోయే జాతీయ రహదారిలో అత్తిబెలె దాటగానే కర్ణాటక ముగిసి తమిళనాడు మొదలవుతుంది. మరి కొంత దూరం పోతే కొండ మీద చంద్రచూడేశ్వరస్వామి గుడి కనిపిస్తుంది. ఆ గుడి కనిపించిందంటే హోసూరు వచ్చినట్టే. బస్సు దిగి ఏ టీ అంగడి ముందు నిలబడినా పది నిమిషాలలో మూడు భాషలు చెవిన పడతాయి. అంగడివాడు ఒక గిరాకీతో తెలుగులో బేరమాడి, రెండోవాడికి తమిళంలో చిల్లరిచ్చి, పక్కవాడిని కన్నడంలో పలకరిస్తాడు. ఇందులో వింత ఏమీ లేదు. ఇక్కడ పుట్టినవాళ్ళకు ఇది ఊపిరి తీసుకున్నంత సహజం.

బరంపురంలోనో, షోలాపూరులోనో, యానాంలోనో ఉన్న మన పాఠకులలో హోసూరును కార్ఖానాల ఊరుగా మాత్రమే విన్నవారు ఉంటారు. 1970ల తరువాత సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చి, మోటారు బండ్లు, లారీలు, గడియారాలు తయారయ్యే ఊరయింది. 2019లో నగరపాలక సంస్థ కూడా అయింది. అంతకు ముందు రాగి పొలాలు, మత్తిగిరి పశువుల ఫారం, వారపు సంతలు, ఇవే ఇక్కడి విశేషాలు. ఇప్పుడు చుట్టూ గులాబీ తోటలు వచ్చాయిగానీ, ఇళ్ళలో సంగటి ముద్ద మాత్రం మానలేదు.

మన వాళ్ళు ఇక్కడికి నిన్న మొన్న వలస వచ్చినవారు కారు. బాగలూరు, బేరికై, శూలగిరి, డెంకణికోట, తళి ప్రాంతాలలో తరతరాలుగా ఉన్నవారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, 1956లో రాష్ట్రాలన్నీ మళ్ళీ గీసుకున్నారు. ఈ తాలూకా మాత్రం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. మొదట సేలం జిల్లా, 1965 నుంచి ధర్మపురి జిల్లా, 2004 నుంచి కృష్ణగిరి జిల్లా. మేము ఉన్నచోటనే ఉన్నాము, ఉత్తరాల మీద జిల్లా పేరు మాత్రం మారుతూ వచ్చింది.

నేను పుట్టింది బాగలూరు దాటి బేరికై పోయే దారిలో ఒక పల్లె. పదో తరగతి దాకా తెలుగులోనే చదివాను. ఆ రోజులలో మా బడిలో తెలుగే మొదటి భాష. ఆ పైన ఇంగ్లీషులో బి.కాం. చదివి, బ్యాంకు పరీక్ష రాసి, ముప్పై ఏళ్ళకు పైగా మూడు రాష్ట్రాలు తిరిగి, రెండేళ్ళ కిందట ఈ ప్రాంతపు శాఖకు బదిలీ అయ్యాను. వచ్చిన దగ్గర నుంచీ నాకు పడిన పనులలో ఒకటి బడిపిల్లల పొదుపు ఖాతాలు తెరవడం. ఉపకార వేతనాలు నేరుగా ఖాతాలలోకే వస్తాయి కాబట్టి, ఖాతా లేని పిల్లకు డబ్బు అందదు. అందుకని ఫారాలు, ఫోటోలు అంటించే బంక, స్టాంపు ప్యాడు సర్దుకుని బడి బడికీ తిరిగాము. ఆ తిరుగుడులో చూసిన ప్రభుత్వ పాఠశాలలను గురించే ఈ వ్యాసం.

ఇంతలో ఇంటి వ్యవహారం ఒకటి దీనికి తోడయింది. మా అన్నయ్య మనవరాలికి అయిదేళ్ళు నిండాయి. దాని తండ్రి సరిహద్దుకు అవతల, కర్ణాటకలో ఒక కార్ఖానాలో పని చేస్తాడు. పల్లెలోనే ఉంచి తెలుగు బడిలో వేయాలా, హోసూరులో ఇల్లు తీసుకుని ప్రభుత్వ ఇంగ్లీషు మీడియంలో వేయాలా, లేక అత్తిబెలె వైపు మారిపోయి కన్నడ బడిలో వేయాలా అని ఇంట్లో నెల రోజులు చర్చ. అన్నయ్య నాతో, "నువ్వు ఊరూరూ తిరిగి చూస్తా ఉండావు గదరా, లెక్కలు తెలిసినవాడివి, నువ్వే తేల్చి చెప్పు" అన్నాడు. అప్పటి నుంచి బడులను కాస్త పరీక్షగా చూడడం మొదలుపెట్టాను.

పల్లె బడి

మొదట చూసింది బేరికై దారిలోని ఒక పంచాయతీ యూనియన్ ప్రాథమిక పాఠశాల. రెండు గదులు, వరండా, ముందు ఒక వేపచెట్టు. ఒకటి నుంచి అయిదు తరగతులకు కలిపి పద్దెనిమిది మంది పిల్లలు, ఇద్దరు అయ్యవార్లు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో అరవై మంది పిల్లల దాకా ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. ఆ లెక్కన చూస్తే ఇక్కడ తొమ్మిది మందికి ఒక అయ్యవారు. లక్షలు కట్టే బడులలో కూడా ఈ నిష్పత్తి దొరకదు. అయితే అయిదు తరగతులను ఇద్దరే పంచుకోవాలి. ఒకరు కార్యాలయం పని మీద పోతే అన్ని తరగతులూ రెండోవారి నెత్తిన పడతాయి.

పొద్దున ఎనిమిదిన్నరకు పిల్లలు పళ్ళేలు పట్టుకుని వరుసగా కూర్చున్నారు. ఉప్మా, సాంబారు. తమిళనాడులో ఉదయపు ఫలహారం పథకం 2022 సెప్టెంబరులో 1,545 బడులతో మొదలై, 2023 ఆగస్టులో ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ వచ్చింది. మధ్యాహ్న భోజనం కామరాజ్ కాలంలో 1956లో మొదలైనదే, 1982లో ఎం.జి.ఆర్. దానిని పెద్ద ఎత్తున విస్తరించారు. పొద్దున్నే పూలు కోయడానికి పోయే తల్లులకు ఈ రెండు పూటల తిండి ఎంత ఆసరానో ఆ వరండాలో కూర్చుంటే తెలుస్తుంది.

మూడో తరగతి అమ్మాయిని పిలిచి పాఠ్యపుస్తకం చదవమన్నాను. తమిళనాడు ప్రభుత్వం అచ్చు వేసిన తెలుగు పుస్తకం అది. తడుముకోకుండా ఒక పేజీ చదివింది. చదివినదానికి అర్థం చెప్పమంటే మా పల్లె యాసలో కథ మొత్తం చెప్పింది. తమిళ వాచకం తెమ్మన్నాను. అందులో అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది. ఇంగ్లీషులో మాటలు వచ్చు, వాక్యాలు రావు. ఇది ఆ బడి పద్దు.

ఆ బడికి ఉన్న అసలు చిక్కు పాఠాలలో లేదు, హాజరు పట్టీలో ఉంది. 1949లో జరిగిన విద్యామంత్రుల సమావేశంలో ఒక సూత్రం ఒప్పుకున్నారు. బడి మొత్తంలో నలభై మందిగానీ, ఒక తరగతిలో పది మందిగానీ ఆ భాష పిల్లలు ఉంటే, వారి మాతృభాషలో చెప్పే ఉపాధ్యాయుణ్ణి నియమించాలని. 1956లో రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేర్చి, ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే సౌకర్యం కల్పించే బాధ్యతను రాష్ట్రాల మీద పెట్టారు. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే నలభై అనేది కనీస నిల్వ. నిల్వ తగ్గిన ఖాతాను ఎవరూ వెంటనే మూసేయరు, కానీ దానికి రావలసిన సేవలు ఒక్కొక్కటే తగ్గుతాయి. పద్దెనిమిది మంది ఉన్న బడిలో ఒక అయ్యవారు రిటైరయితే, ఆ స్థానంలో తెలుగు వచ్చినవారినే వేయండని అడగడానికి మన చేతిలో బలం తక్కువ.

"నేను చేరినప్పుడు ఈ రెండు గదులూ సరిపోయేవి కావు సార్" అన్నారు ప్రధానోపాధ్యాయులు. పిల్లలు ఎక్కడికి పోయారని అడిగితే రోడ్డు వైపు చెయ్యి చూపించారు. పసుపు రంగు బడిబస్సు ఒకటి దుమ్ము లేపుకుంటూ పోతున్నది.

పట్టణపు బడి

రెండోది హోసూరు పట్టణంలోని ఒక ప్రభుత్వ బడి. హోసూరు ప్రభుత్వ విద్యకు పాత చరిత్రే ఉంది. రాజాజీ పుట్టిన తొరపల్లి ఇక్కడికి దగ్గరే. 1878లో పుట్టిన ఆయన మొదట ఊరి బడిలోనూ, తరువాత హోసూరు ప్రభుత్వ పాఠశాలలోనూ చదివి, ఆ పైన బెంగళూరు సెంట్రల్ కాలేజీకి పోయారు. ఆయనే మద్రాసు ముఖ్యమంత్రిగా 1953లో ప్రాథమిక బడులను పూటబడులు చేసి, మిగతా వేళ పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలని పథకం తెచ్చారు. దాని మీద పెద్ద దుమారం లేచింది. 1954లో కామరాజ్ వచ్చి దానిని తీసేశారు. బడి విషయంలో తల్లిదండ్రుల మనసుకు విరుద్ధంగా పోయిన ఏ పథకమూ ఈ రాష్ట్రంలో ఎక్కువ కాలం నిలవలేదు.

నేను పోయిన బడిలో ఒకే ప్రాంగణంలో తమిళం, తెలుగు, ఇంగ్లీషు సెక్షన్లు నడుస్తున్నాయి. ప్రభుత్వ బడులలో ఇంగ్లీషు మీడియం సెక్షన్లు 2012-13 నుంచి పెరిగాయి. ప్రయోగశాల ఉంది, ఆటస్థలం ఉంది, ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో ఉపాధ్యాయుడు ఉన్నారు. పల్లె బడిలో ఇవేవీ లేవు. ఇంగ్లీషు సెక్షనులో బెంచీకి నలుగురు, తెలుగు సెక్షనులో బెంచీకి ఇద్దరు.

పదేళ్ళు నిండిన పిల్లలు తమ ఖాతాను తామే నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2014లో చెప్పింది. అందువల్ల ఆరో తరగతి నుంచి పిల్లల చేతనే నమూనా సంతకాలు పెట్టించాము. సాయంత్రం శాఖకు వచ్చి ఆ కార్డులు సర్దుతుంటే ఒక సంగతి గమనించాను. తెలుగు సెక్షను పిల్లలందరూ తెలుగులో సంతకం పెట్టారు. ఇంగ్లీషు, తమిళ సెక్షన్లలో చదివే తెలుగు ఇళ్ళ పిల్లలలో ఒక్కరు కూడా తెలుగులో పెట్టలేదు. చిన్న పిల్లల ఫారాల మీద తల్లులు మాత్రం ఎక్కువమంది తెలుగులోనే పెట్టారు. ఆ పూట బల్ల ముందు నిలబడిన ఏడో తరగతి కుర్రవాడొకడు, తమ్ముడి ఫారం మీద తల్లి రాసినది చూసి, "ఇదేమి రాసినావమ్మా?" అని అడిగాడు. "నా పేరు రా" అన్నదామె. వాడు మళ్ళీ ఆ కాగితం వైపు చూశాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది మంచి తెలుగులోనే.

ఆ తల్లి నాతో, "మాట్లాడేది తెలుగే గదా సార్, రాసేది ఏదైతే ఏమి? వానికి ఉద్యోగం రావాల" అన్నది. ఆ మాటను తోసిపుచ్చడానికి లేదు. తమిళనాడులో ఉద్యోగానికీ, తాలూకా ఆఫీసులో పనికీ తమిళం కావాలి. కార్ఖానాలో మేనేజరు దగ్గర మాట్లాడాలంటే ఇంగ్లీషు కావాలి. ప్రభుత్వ బడి పిల్లలకు రాష్ట్రం ఇచ్చే ప్రోత్సాహాలు కూడా చిన్నవి కావు. ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడులలో చదివినవారికి వైద్య విద్యలో 2020 నుంచి 7.5 శాతం సీట్లు ప్రత్యేకించారు. 2021లో ఇంజనీరింగు వంటి చదువులకూ దానిని వర్తింపజేశారు. ప్రభుత్వ బడిలో చదివి పై చదువులకు పోయే ఆడపిల్లలకు నెలకు వెయ్యి రూపాయలు ఇచ్చే పథకం 2022లో వచ్చింది. ఇవన్నీ తెలుగు సెక్షనులో చదివిన పిల్లకూ, ఇంగ్లీషు సెక్షనులో చదివిన పిల్లకూ సమానమే. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. తెలుగు సెక్షనులో చేర్పిస్తే రాయితీలు పోతాయనుకునేవారిని నలుగురైదుగురిని చూశాను.

సరిహద్దు అవతల

మూడోది కర్ణాటకలో, ఆనేకల్ తాలూకాలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. అక్కడ ఖాతాల పని లేదు. ఒక ఆదివారం ముందు రోజు సెలవు పెట్టి, అన్నయ్య అల్లుడితో కలిసి పోయి చూశాను. గోడల నిండా కన్నడ అక్షరమాల. పిల్లలలో తెలుగు ఇళ్ళవాళ్ళు చాలామంది. ఆట విరామంలో అందరూ తెలుగు, గంట కొట్టగానే అందరూ కన్నడం.

ఇక్కడ మనకు కలిసివచ్చేది లిపి. కన్నడం వచ్చిన పిల్ల తెలుగు అక్షరాలను కొద్ది వారాలలో పట్టుకోగలదు. తలకట్లు, కొన్ని అక్షరాల మలుపులు తప్ప మిగతాది చుట్టరికమే. నాలుగో తరగతి పిల్లవాడి చేత మన పత్రిక ముఖచిత్రం మీది పేరు చదివిస్తే, రెండు అక్షరాల దగ్గర ఆగి, మూడోసారికి చదివేశాడు. తమిళ లిపి నుంచి తెలుగుకు రావడం ఇంత సులువు కాదు. పైగా కర్ణాటకలో పల్లెలలో చదివినవారికి, కన్నడ మాధ్యమంలో చదివినవారికి ఇంజనీరింగు సీట్లలో ప్రత్యేక కోటాలు ఉన్నాయి. 2015 చట్టంతో అక్కడ కన్నడం తప్పనిసరి అయిందిగానీ, మొదటి భాషగా కాకపోతే రెండో భాషగా నేర్చుకోవచ్చు.

మార్కుల జమాఖర్చు

తిరిగి వచ్చాక ఒక కాగితం తీసుకుని పదో తరగతి మార్కులను మూడు నిలువు వరుసలలో రాసి చూశాను. లెక్కలవాడి అలవాటు.

ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి మొత్తం 600 మార్కులు. అందులో తెలుగు మొదటి భాషగా చదివినవారికి తెలుగు వాటా 100. కర్ణాటకలో ఎస్.ఎస్.ఎల్.సి. మొత్తం 625. మొదటి భాషకు 125. ఆ మొదటి భాషల జాబితాలో తెలుగు కూడా ఉంది, చెప్పే బడి దొరకాలి అంతే. తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతితో మొదలై ఏడాదికొక తరగతి చొప్పున పైకి పోయి 2015-16కు పదో తరగతికి చేరింది. ఆ పద్ధతిలో మొదటి భాగం తమిళం, రెండో భాగం ఇంగ్లీషు, మూడో భాగం లెక్కలు, విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం. అయిదింటికి కలిపి 500. మాతృభాష నాలుగో భాగం, ఐచ్ఛికం. 2023-24 దాకా ఆ 500లో దానికి చోటు ఇవ్వలేదు.

అంటే అప్పటి లెక్కన 600లో 100, 625లో 125, 500లో సున్న. ఒకే భాష, ఒకే పిల్ల, సరిహద్దును బట్టి విలువ. మొత్తంలో కలవని సబ్జెక్టుకు ఏ పిల్ల రాత్రి పూట దీపం పెట్టుకుని చదువుతుంది? ఏ తల్లి చదవమని ఒత్తిడి చేస్తుంది?

ఈ విషయం మీద మన భాషా సంఘాలు ఊరుకోలేదు. 2016 నుంచి మద్రాసు హైకోర్టు అల్పసంఖ్యాక భాషల పిల్లలకు పదో తరగతి తమిళ పరీక్ష నుంచి మినహాయింపులు ఇస్తూ వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును ఇంకో ఏడాది పొడిగించింది. నా ఉద్దేశంలో మినహాయింపు అడగడం అత్యవసర చికిత్స. తమిళం నేర్చుకోవద్దని మనలో ఎవరూ అనడం లేదు. ఈ గడ్డ మీద బతికేవారికి తమిళం రావాలి. అప్పట్లో అడగవలసి ఉండినది, తెలుగు మార్కులకు మొత్తంలో చోటు ఇవ్వమని. అది ఉంటే పిల్లలు రెండూ చదువుతారు. రెండు భాషలు మోయడం హోసూరు పిల్లలకు బరువు కానే కాదు, వాళ్ళు పుట్టుకతోనే మూడు మోస్తున్నారు.

ఆంధ్రకు పోతే అన్నీ బాగుంటాయనుకునేవారికి ఒక మాట. అక్కడ కూడా 2019లో ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమం చేస్తూ ఉత్తర్వులు ఇచ్చారు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. ఆ తరువాత ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉండే పుస్తకాలు వచ్చాయి. కుప్పంలో మా బంధువుల ఇంట అటువంటి సాంఘికశాస్త్రం పుస్తకం చూశాను. పిల్ల తెలుగు పేజీ చదివి అర్థం చేసుకుని, ఇంగ్లీషు పేజీ చూసి జవాబు రాసుకుంటున్నది. ఈ ఏర్పాటు హోసూరు తెలుగు సెక్షన్లకు కూడా వస్తే ఎంత బాగుండునో అనిపించింది. అచ్చు ఖర్చు కొంత పెరుగుతుంది, అంతే.

తేల్చినది

అన్నయ్యకు నేను ఇచ్చిన లెక్క ఇది. అయిదో తరగతి దాకా పల్లె బడి. తొమ్మిది మందికి ఒక అయ్యవారు, రెండు పూటల తిండి, ఇంటికి నడిచిపోయేంత దూరం, తల్లి భాషలో పునాది. ఇంగ్లీషుకు ఇంట్లో రోజూ అరగంట, అది తల్లి చూసుకోవాలి. ఆరో తరగతి నుంచి హోసూరు ప్రభుత్వ బడిలో ఇంగ్లీషు సెక్షను, తెలుగు నాలుగో భాగంగా తప్పక తీసుకోవాలి. ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడి కాబట్టి పై చదువుల రాయితీకి అర్హత పోదు. తండ్రి అత్తిబెలెకు మారిపోవలసివస్తే కన్నడ బడి కూడా చెడ్డది కాదు, లిపి చుట్టరికం ఉంది. వదినగారు అంతా విని, "అయితే పిల్ల నా కళ్ళ ముందరే ఉంటుందన్నమాట" అని లోపలికి పోయి అందరికీ కాఫీ తెచ్చింది. మొన్న జూన్‌లో పిల్లను చేర్చారు. ఆ హాజరు పట్టీలో పద్దెనిమిది పంతొమ్మిది అయింది.

ఇది మా ఒక్క ఇంటి లెక్క. మన సంఘం సభ్యులు చేయగల పనులు కొన్ని మనవి చేస్తాను. ఏప్రిల్, మే నెలలలో మీ ఊరి తెలుగు బడికి పోయి, వచ్చే ఏడాదికి ఎంతమంది చేరబోతున్నారో అడగండి. నలభైకి ఎంత దూరంలో ఉన్నారో తెలుసుకోండి. ఇంగ్లీషు సెక్షనులో పిల్లలున్నవారు నాలుగో భాగంగా తెలుగు కావాలని ప్రధానోపాధ్యాయులకు కాగితం మీద రాసి ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. నోటిమాటకు ఏ ఆఫీసులోనూ పద్దు ఉండదు. ఉపాధ్యాయ శిక్షణ పొందిన మన పిల్లలను తమిళనాడు అర్హత పరీక్ష తెలుగు భాషతో రాయమని ప్రోత్సహించండి. తెలుగు వచ్చిన అయ్యవారు లేరన్న జవాబు ఇక రాకుండా ఉంటుంది. తెలుగు లిపి రాని పిల్లలకు వేసవి సెలవులలో గుడి మండపంలోనో, సంఘం హాలులోనో నెల రోజులు అక్షరాలు నేర్పవచ్చు. మాట వచ్చిన పిల్లలు కాబట్టి అక్షరం తొందరగానే పట్టుబడుతుంది.

ఒడిశాలో, మహారాష్ట్రలో, యానాంలో ఉన్న మన పాఠకులు తమ ఊళ్ళ ప్రభుత్వ బడులలో తెలుగుకు ఎన్ని మార్కులు ఉన్నాయో, ఎంతమంది పిల్లలు ఉన్నారో సంపాదకులకు రాసి పంపితే, ఆ కాగితం మీద నిలువు వరుసలు మూడు కాక ఏడెనిమిది అవుతాయి. అందరి లెక్కలూ ఒకచోట ఉంటే, అడగవలసిన చోట అడగడానికి మనకు ఆధారం ఉంటుంది.